నీళ్ల తొట్టిలో డెంగ్యూ దోమ పెరగకుండా

అనంతపురం జిల్లాలో కుళాయి నీరు రోజూ రాని వీధుల్లో తొట్లు, డ్రమ్ములు నింపి ఉంచుకోక తప్పదు. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ముఖ్యంగా ఇలా నిల్వ ఉన్న మంచినీటిలోనే. మురుగుకాలువనే తప్పుపడుతూ కూర్చుంటే అసలు చోటు మన దృష్టికి రాదు.

గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది కనుక, వారానికొకసారి, శుక్రవారం డ్రై డే (నిల్వ నీటిని పారబోసి పాత్రలను ఆరబెట్టే రోజు) నాడైనా సరే, తొట్టిని పూర్తిగా ఖాళీ చేయాలి. కరవు సీమలో నీరు పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు. ఆ నీటిని చెట్ల పాదుల్లో పోస్తే నేలలో ఇంకిపోయి, అందులోని దోమ పిల్లపురుగులు చచ్చిపోతాయి. అయితే ఖాళీ చేసినంత మాత్రాన సరిపోదు: నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకొని ఉండే సన్నని నల్లని గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీరు తగలగానే పగులుతాయి. అందువల్ల ఆ గీత వెంబడి కొబ్బరిపీచుతో గట్టిగా రుద్ది కడిగి, నింపిన వెంటనే మూత పెట్టాలి లేదా గుడ్డ బిగించి కట్టాలి. కూలరును, ఫ్రిజ్ వెనుక పళ్లేన్ని కూడా మరువరాదు.

ఈ దోమ పగలే కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం నిద్రపోయే పిల్లలకూ దోమతెర కట్టాలి. జ్వరం వస్తే వైద్యుని సలహాపై పారాసెటమాల్ మాత్రమే వాడాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచగలవు. జ్వరం తగ్గుతున్న సమయంలో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.