పళ్ళు చూసి పిల్లల వయసు అంచనా వేయడం ఎలా?

పుట్టినతేదీ కాగితం లేని పిల్లలు పాలమూరు వైపు ఇప్పటికీ కనబడతారు. అమ్మానాన్నల వెంట ఇటుక బట్టీలకు, మేస్త్రీ పనులకు వలసపోయి తిరిగొచ్చిన వాళ్ళు. బడిలో చేర్చే రోజు ఎవరో ఒకరు నోరు తెరిపించి, ఒక్క చూపు చూసి ‘పదేళ్ళుంటాయి’ అని రాసేస్తారు. పదమూడేళ్ళ పిల్ల నాలుగో తరగతి బెంచీ మీద కూర్చుంటుంది. పళ్ళను బట్టి వయసు అంచనా వేయొచ్చు. తిండి సంగతి వదిలేసి వేస్తే మాత్రం తప్పడం ఖాయం.

కావలసినవి: కడిగిన స్పూను, కాగితం, పెన్ను, పగటి వెలుతురు. ఫోన్ లైట్ వద్దు, ఆ మెరుపులో పంటి మీది గీతలు కనబడవు. పిల్లను నోరు పుక్కిలించమని కిటికీ వైపు కూర్చోబెట్టండి.

కింది దవడ ఎడమవైపు నుంచే మొదలుపెట్టాలి. ముందు పన్ను నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఆరో పన్ను ఆరేళ్ళకు వస్తుంది, ఏడోది 11–13 మధ్య. ఎనిమిదోది జ్ఞానదంతం, 17–21 మధ్య వస్తుంది, కొందరికి రానే రాదు. ఆడపిల్లలకు మగపిల్లల కన్నా కొన్ని నెలలు ముందే వస్తాయి. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. తప్పేది దీని తర్వాత.

ఏడో పన్ను కనబడలేదనుకోండి. పన్నెండు నిండలేదని అప్పుడే రాసెయ్యకండి. పన్ను చిగురు చీల్చుకుని రావడం వేరు, దవడ లోపల తయారవడం వేరు. ఏళ్ళ తరబడి తిండి చాలని పిల్లల్లో బయటికి రావడం వెనకబడుతుంది, లోపల వేరు పెరగడం మాత్రం చాలావరకు తన వేళకే సాగుతుంది. ఆరో పన్ను వెనక చిగురును శుభ్రమైన వేలితో నొక్కి చూడండి. ఉబ్బెత్తుగా, గట్టిగా తగిలితే, లేదా చిగురు మధ్య తెల్లటి మొన కనబడితే ‘వస్తోంది’ అని రాసుకోండి, ‘లేదు’ అని కాదు.

నాలుగో, ఐదో పళ్ళను పట్టుకుని వయసు చెప్పనే కూడదు. పుచ్చిపోయిన పాల దవడపన్నును నాలుగైదేళ్ళకే పీకేస్తే దాని చోట వచ్చేది ఆలస్యమవుతుంది. అదే ఎనిమిదేళ్ళు దాటాక చీముపట్టి ఊడితే కొత్తది ముందే రావచ్చు. ఒకే నోట్లో రెండూ చూస్తాం.

ఇప్పుడు పై ముందు పళ్ళు. అడ్డంగా గాడి గానీ, వరసగా గుంటలు గానీ ఉంటే గోరుకు తగులుతాయి. ఈ పంటి పైపొర పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలై, కొన నుంచి చిగురు వైపు పెరుగుతూ నాలుగైదేళ్ళకు పూర్తవుతుంది. గాడి కొన దగ్గరుంటే పసితనంలో, మధ్యలో ఉంటే రెండు మూడేళ్ళప్పుడు గట్టి జబ్బో తిండిలేమో పడిందన్నమాట. అలాంటి పిల్లకు పళ్ళ లెక్కలో పదకొండు వస్తే పన్నెండు, పదమూడు కూడా ఉండొచ్చని రాయాలి. బాగా లావుగా ఉన్న పిల్లల్లో దీనికి తలకిందులు, పళ్ళు కాస్త ముందే వస్తుంటాయి.

మర్రిగూడ, మునుగోడు పిల్లల గార పళ్ళను చూసి తిండిలేమి అనుకోకండి. అది ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్ళు ఎనిమిదేళ్ళలోపు తాగితే సుద్ద మచ్చలు, గోధుమరంగు చారలు రెండువైపులా ఒకేలా వస్తాయి. ముదిరితే గుంటలూ పడతాయి కాబట్టి ఏ ఊరి నీళ్ళు తాగారో అడగండి. గారను బట్టి వయసు తెలియదు.

తల్లిని ‘ఎన్నేళ్ళమ్మా’ అని అడగొద్దు. ‘2016 కృష్ణా పుష్కరాలప్పుడు పిల్ల చంకలో ఉందా, నడుస్తోందా?’ అని అడగండి. అంగన్‌వాడీలో బాలామృతం అందిందా, బట్టీ దగ్గర ఏం తినేవాళ్ళు, పాలు ఉండేవా అన్నవి కూడా రాసుకోండి.

ఎత్తు, బరువు చూస్తే చాలదా అంటారు. చాలదు. తిండి తగ్గితే మొదట దెబ్బతినేవి అవే. మణికట్టు ఎక్స్‌రేలో ఎముక వయసు కూడా వెనకబడుతుంది. తిండికి అన్నిటికన్నా తక్కువ లొంగేది పంటి వేరు పెరుగుదలే. అనుమానం మిగిలితే దంతవైద్యుల దగ్గర దవడలన్నీ ఒకేసారి పడే ఓపీజీ ఎక్స్‌రే తీయించండి. 1973 నాటి డెమిర్జియన్ పద్ధతిలో కింది ఎడమ ఏడు పళ్ళను ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది దశలుగా చూస్తారు. అది కెనడాలోని ఫ్రెంచ్ పిల్లల మీద కట్టిన లెక్క, కాబట్టి మన పిల్లలకు సవరించిన సూత్రం వాడమని అడగండి. దాదాపు పదిహేనేళ్ళకు ఏడో పంటి వేరు మూసుకుపోతుంది. ఆ తర్వాత మిగిలేది జ్ఞానదంతమే, కాబట్టి 16కీ 18కీ మధ్య గీత గీయడం ఎక్స్‌రేతో కూడా కష్టం.

చివరికి కాగితం మీద తేదీ రాయొద్దు. ‘11–13 మధ్య, ఏడో పన్ను వస్తోంది, ముందు పళ్ళ మీద గాడి ఉంది’ అని రాయండి. కేసు కోర్టుకో, బాలల సంక్షేమ కమిటీకో వెళ్ళేదైతే మీరు అంచనా వేయనే వద్దు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 ప్రకారం ముందు బడి లేదా టెన్త్ సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూస్తారు. రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. అది కూడా ఆదేశం వచ్చిన 15 రోజుల్లో పూర్తి కావాలి.