టీకా తర్వాత భుజం నొప్పి తగ్గలేదా? అమెరికాలో పరిహారానికి దరఖాస్తు విధానం

ఫ్లూ టీకా వేయించుకున్నాక ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి పుట్టడం మామూలే. నెలలు గడిచినా జాకెట్ తొడుక్కోవడానికి చెయ్యి లేవట్లేదంటే మాత్రం ఊరుకోకండి. సూది మరీ పైన, భుజం కీలు దగ్గర దిగితే వచ్చే ఈ గాయాన్ని సిర్వా అంటారు. 2017 నుంచి ఇది పరిహారం కోసం అక్కడి ప్రభుత్వం పెట్టిన టీకా గాయాల పట్టికలో ఉంది.

పిటిషన్ వేయాల్సింది వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో. కేసు నర్సు మీదో ఫార్మసీ మీదో కాదు, ప్రతివాది ఆరోగ్య శాఖ మంత్రి. మొదటి లక్షణం కనిపించిన నాటి నుంచి 3 ఏళ్లలోపు వేయాలి. బాధ 6 నెలలకు మించి ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ చేయించుకుని ఉండాలి.

ఎక్కువమంది ఇబ్బంది పడేది డాక్టరు రాసిన మొదటి నోట్ దగ్గర. పట్టిక ప్రకారం నొప్పి టీకా వేసిన 48 గంటల్లోపే మొదలై ఉండాలి. అదే తగ్గుతుందిలే అని రెండు నెలలు ఓర్చుకుని, అప్పుడు వెళ్లి ‘కొన్నాళ్లుగా నొప్పండీ’ అంటారు. అక్కడ ‘రెండు వారాలుగా’ అని టైప్ చేసేస్తారు. తర్వాత ప్రభుత్వ లాయర్లు పట్టుకునేది ఆ మాటనే. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడే టీకా తేదీ, ఏ చెయ్యి, నొప్పి ఏ రోజు మొదలైంది, ఈ మూడూ విడమరిచి చెప్పండి. నోట్ కాపీ తీసుకుని చదవండి. తప్పుంటే సరిచేయమని రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే తప్పు పడిపోయిందని టెన్షన్ పడి వదిలేయకండి. నొప్పి మొదలైన రోజు రికార్డులో లేకపోయినా, తప్పుగా ఉన్నా మిగతా సాక్ష్యం చూసి నిర్ణయించే అధికారం స్పెషల్ మాస్టర్‌కు, అంటే ఆ కోర్టులో ఈ కేసులు విచారించే అధికారికి, చట్టం ఇచ్చింది. ఆ వారంలో మీ అవస్థ చూసిన ఇంట్లోవాళ్ల వాంగ్మూలం, ఎవరికైనా పెట్టిన మెసేజ్ అప్పుడు పనికొస్తాయి.

టీకా రికార్డులో కుడి, ఎడమ సరిగ్గా పడ్డాయో లేదో కూడా చూసుకోండి. ఆ భుజానికి పాత నొప్పి ఉంటే దాచకండి. పాత రికార్డులూ అడుగుతారు, అప్పుడు బయటపడితే మీ మిగతా మాటలనూ నమ్మరు.

పరిహారంలో వాటా అడిగేవాళ్లకు సంతకం పెట్టకండి. ఈ కేసుల్లో లాయరు ఫీజు కోర్టు నిర్ణయిస్తుంది, టీకా పరిహార నిధి నుంచే చెల్లిస్తారు. నిజాయితీగా, తగిన ఆధారాలతో వేసిన కేసైతే ఓడినా ఫీజు ఇప్పించవచ్చు. అంతకు మించి మీ దగ్గర పైసా తీసుకోవడం చట్టవిరుద్ధం. నొప్పికీ బాధకూ ఇచ్చే మొత్తం 2,50,000 డాలర్లు దాటదు. వైద్య ఖర్చులు, పోయిన జీతం వేరు.

కోవిడ్ టీకా వల్ల అయితే దారి వేరు. అది కోర్టు కాదు, మరో ప్రభుత్వ పథకం. గడువు టీకా వేసిన రోజు నుంచి ఒక్క ఏడాదే.