నాయన పద్యాలకి సౌండ్ కార్డు ఎలా ఎంచుకున్నానంటే

మా నాయన వయసులో ఉన్నప్పుడు కావలి చుట్టుపక్కల ఊళ్లలో పౌరాణిక నాటకాలు ఆడేవాడు. ఇప్పుడు 78 ఏళ్లు. గొంతు బాగున్నప్పుడే పద్యాలు రికార్డు చేసి పెట్టుకోవాలని పోయినేడు మొదలుపెట్టాను. లాప్‌టాప్‌కి మైకు తగిలించి పాడించి, తిరిగి వినిపిస్తే, "ఏమ్మా, ఆ వెనకాల జుయ్యిమనేది ఏంది?" అన్నాడు.

అప్పుడు 400 రూపాయలు పెట్టి పెన్‌డ్రైవ్ అంత సౌండ్ కార్డు కొన్నాను. దాని మీద 7.1 అని ఉంది. అది పాట వినే స్పీకర్ల లెక్క, లోపలికి వచ్చే గొంతుకి దానితో పని లేదు. మోత అలాగే ఉంది. మీరు హెడ్‌ఫోన్‌లో వినడానికే అయితే ఇలాంటి చిన్నది చాలు. రికార్డింగ్‌కైతే మైకు ప్రీయాంప్ (మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేది) ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె, చూడండి.

ముందు మీ మైకు చూసుకోండి. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ పట్టే కండెన్సర్ మైకైతే ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండానే మైకుకి అందే కరెంటు) ఉండి తీరాలి. స్టేజీ మీద వాడే డైనమిక్ మైకుకి అది అక్కర్లేదు. కానీ దాన్నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది కాబట్టి గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తి, బాగా కావాలి. ఫ్యాను ఆపితే ఉక్కకి కూర్చోలేని మా ఇంట్లో డైనమిక్ మైకే నయం. నోటికి దగ్గరగా పెడితే గొంతు ముందుకొస్తుంది, గదిలో చప్పుడు వెనక్కి పోతుంది.

తర్వాత, ఎన్ని మైకులు? ఇక్కడే నేను పొరపాటు చేయబోయాను. నాయన గొంతుకి ఒకటి, బాబాయి హార్మోనియంకి ఒకటి కావాలి. రెండు రంధ్రాలు కనబడితే రెండు మైకులు పెట్టొచ్చనుకున్నాను. కానీ ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెరింగర్ యూఎంసీ22 లాంటి ఇంటర్‌ఫేస్‌లలో మైకు ప్రీయాంప్ ఒక్కటే. రెండోది గిటార్ లాంటివాటికి. రెండు మైకులకి స్కార్లెట్ 2ఐ2 గానీ యూఎంసీ202హెచ్‌డీ గానీ కావాలి. ఒక్కరే మాట్లాడి రికార్డు చేసుకునేవాళ్లకి ఆ అదనపు ఖర్చు వద్దు.

శబ్దాన్ని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలుస్తుందో చెప్పే 192 కిలోహెర్ట్జ్ అనే అంకె చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి. గొంతుకి 48 ధారాళంగా చాలు. ఆ కొలత ఎంత సన్నగా ఉంటుందో చెప్పే బిట్ లెక్కలో 24 బిట్ మాత్రం ఉండాలి. నాయన మెల్లగా ఎత్తుకుని, రాగం తీసేటప్పుడు ఒక్కసారిగా పైకి పోతాడు. 24 బిట్‌లో లెవెల్ తగ్గించి పెట్టుకున్నా సన్నటి భాగం పాడవదు. పెద్ద రాగం దగ్గర కూడా రికార్డింగ్ లెవెల్ చూపించే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెడతాను.

డైరెక్ట్ మానిటర్, అంటే గొంతుని ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా హెడ్‌ఫోన్‌లో వినిపించే సదుపాయం, తప్పకుండా ఉండాలి. లేకపోతే గొంతు లాప్‌టాప్‌లోకి వెళ్లి తిరిగి హెడ్‌ఫోన్‌కి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. లాప్‌టాప్ గొంతుని ముక్కలుగా పోగేసుకునే బఫర్‌ని 1024 శాంపిళ్లు పెడితే, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ ఒక్క మెట్టులోనే 21 మిల్లీసెకన్లు పోతాయి. తన గొంతు తనకే వెనకబడి వినిపిస్తే పాడేవాడికి తాళం తప్పుతుంది. నాయన చిరాకుపడి హెడ్‌ఫోన్ తీసేశాడు కూడా.

యూఎస్‌బీ కరెంటుతోనే నడిచేది తీసుకోండి, వేరే అడాప్టర్ మోయక్కర్లేదు. పవర్ లేని హబ్‌కి కాకుండా నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి. ఇంత చేశాక కూడా మాకు సన్నగా మోత వచ్చింది. ఛార్జర్ పీకేస్తే ఆగిపోయింది! అది ఛార్జర్ ద్వారా వచ్చే మోత. అందుకే బ్యాటరీ నిండుగా పెట్టుకుని పాడిస్తాను.

షాపుకి మీ లాప్‌టాప్, మీ మైకు, మీ హెడ్‌ఫోన్ తీసుకెళ్లండి. మీరు మామూలుగా మాట్లాడేటప్పుడు సరిపడా లెవెల్ వచ్చేదాకా గెయిన్ పెంచి, ఇక నోరు మూసుకుని నిమిషం వినండి. ఆ నిశ్శబ్దంలో సుయ్యిమంటుంటే, అది తిరిగిచ్చి ఇంకొకటి చూపించమనండి.