బుడ్డల పొట్టుతో బూజు థర్మాకోల్

మా అక్క అనంతపురంలో ఊరగాయలు పెట్టి అమ్ముతుంది. అరకిలో గాజు సీసాల్లో ఉసిరి, గోంగూర, చింతకాయ. పార్సిల్‌లో ఒక్క సీసా పగిలినా చాలు, నూనె కారి మిగతావన్నీ జిడ్డు పట్టేవి. నాకు ఊరి బయట చిన్న పుట్టగొడుగుల షెడ్డు ఉంది. ఒకరోజు అక్క అక్కడికొచ్చి, పంట అయిపోయిన సంచిని కాలితో తట్టి, "ఇది రాయి మాదిరి ఉంది కదరా, దీంతోనే నా సీసాలకు గూడు కట్టీరాదా" అంది. ఎగతాళికే అంది. నేను పట్టుకున్నాను.

నిజానికి ఇది కొత్త సంగతేం కాదు. అమెరికాలో ఎకోవేటివ్ అనే కంపెనీ 2007లో మొదలై ఇదే పని చేస్తోంది. పుట్టగొడుగు అంటే మనం తినే గొడుగు ఒక్కటే కాదు. దాని అసలు ఒళ్లు మైసీలియం, అంటే తెల్లటి సన్న దారాల అల్లిక. అది పొట్టు ముక్కల మధ్య పాకి, వాటిని తింటూ, ఒకదానికొకటి అతికించేస్తుంది. మనం జిగురు వేయక్కర్లేదు. గొడుగు రాకముందే దాన్ని ఆరబెట్టి చంపేస్తే మిగిలేదే మన థర్మాకోల్.

పొట్టుకు మనకు కొదవ లేదు. బుడ్డల్లో, అంటే వేరుశనగ కాయల్లో, దగ్గర దగ్గర పావు వంతు బరువు పైపొట్టుదే. ఒలిచే మిల్లు దగ్గర కుప్పలుగా పడి ఉంటుంది. అయితే ఎండుగా ఉన్నదే తెచ్చుకోండి. కోతల సమయంలో వానకు తడిసిన పొట్టు మీద పసుపుపచ్చ, ఆకుపచ్చ పొడి కనబడితే ఊరికే ఇచ్చినా వద్దు. అది ఆస్పర్జిల్లస్ బూజు కావచ్చు, అఫ్లాటాక్సిన్ అనే విషం చేసేది అదే. పొట్టు దంచేటప్పుడు మంచిదైనా సరే, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

శనగగింజంత ముక్కలయ్యేలా దంచి, జల్లెడ పట్టి, దుమ్ము పారేయండి. దుమ్ము ఉంటే తడిసి ముద్దయి లోపలికి గాలి పోదు. బుడ్డల పొట్టు నీళ్లు తొందరగా పీల్చదు కాబట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున వంచేసి, నీడలో గోనెసంచి మీద పరవండి. కిలో ఎండు పొట్టుకు వంద గ్రాముల గోధుమ తవుడు లెక్కన కలపండి.

ఇప్పుడు చెప్పేది ఒక్కటి సరిగా పట్టుకుంటే సగం పని అయినట్టే. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే. ధారగా కారితే ఇంకో గంట ఆరనివ్వండి. చుక్కే రాకపోతే నీళ్లు చిలకరించండి. పిడికిలి తెరిస్తే ముద్ద నిలబడి, బొటనవేలితో తాకగానే విడిపోవాలి. నేను మొదట్లో కొలత గ్లాసులతో చేసి నాలుగు సంచులు కుళ్లబెట్టాను. పుల్లటి వాసన, అడుగున పసుపు నీళ్లు. చేతి లెక్కకు మించిన లెక్క లేదు.

పొట్టు నింపడానికి మందపాటి పీపీ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్) కవరుకు రెండు పొరలు వాడండి, పొట్టు అంచులు కవరును గుచ్చేస్తాయి. మూతికి దూది బిరడా పెట్టి, పెద్ద ప్రెషర్ కుక్కర్‌లో స్టాండు మీద నిలబెట్టి, విజిల్ వచ్చాక మంట తగ్గించి గంటన్నర ఉంచండి. అడుగున నీళ్లు ఇంకిపోకుండా చూసుకోవాలి. క్రిములు చావడానికి ఇలా ఉడికించే బదులు ఫార్మలిన్ అనే రసాయనంలో నానబెట్టే పద్ధతి కూడా పుట్టగొడుగుల షెడ్లలో ఉంది. తినే వస్తువు పక్కన పెట్టేదానికి నేను దాన్ని వాడను.

పూర్తిగా చల్లారాక, ఫ్యాను ఆపేసి, చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని, ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగు విత్తనం, అంటే గింజల మీద పెంచిన మైసీలియం, కలపండి. తడి పొట్టు బరువులో పది శాతం వేస్తాను నేను. కొందరు తక్కువ వేస్తారు, కానీ ఎక్కువ వేస్తే తెల్లదారాలు తొందరగా పాకి ఆకుపచ్చ బూజుకు చోటివ్వవు. కంపెనీలు గానోడెర్మా అనే ఇంకో రకం పుట్టగొడుగును వాడతాయి. అది ఇంకా గట్టిగా కడుతుంది. కానీ కొబ్బరి మొదళ్లను కుళ్లబెట్టే జాతి అది. పక్కన తోటలు ఉన్నవాణ్ణి, నాకు ఆ టెన్షన్ వద్దు.

సంచిని చీకట్లో, 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచాలి. మనూళ్లో ఎండాకాలం 40 దాటుతుంది, అప్పుడు ఈ పని పెట్టుకోకండి. ఆగస్టు తర్వాత మొదలుపెట్టి ఫిబ్రవరికల్లా ముగిస్తాను నేను. వారం పది రోజుల్లో సంచి తెల్లబడుతుంది. ఎక్కడైనా ఆకుపచ్చ మచ్చ కనబడితే సంచి విప్పకుండానే బయట పారేయండి.

తెల్లబడిన ముద్దను శుభ్రమైన చేతులతో చిదిపి, కిలోకు రెండు చెంచాల మైదా కలిపి అచ్చులో కూరండి. అచ్చు అంటే మరేం లేదు, స్పిరిట్‌తో తుడిచిన ప్లాస్టిక్ డబ్బా. మధ్యలో అక్క సీసానే పలచటి కవరు రెండు మూడు చుట్లు చుట్టి నిలబెడతాను. ఆరేటప్పుడు గూడు కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి ఆ చుట్ల మందం కావాలి. చుట్టూ కనీసం అంగుళం మందం, మూలల్లో వేలితో నొక్కి మరీ నింపండి. మూలలు బోలుగా ఉంటే పగిలేది అక్కడే. పైన కవరు కప్పి సూదితో పది పన్నెండు బొక్కలు పొడవండి. అయిదారు రోజుల్లో మళ్లీ అతుక్కుంటుంది. అచ్చు తీసేసి, తడిగుడ్డ కప్పిన బుట్టలో ఇంకో రోజు ఉంచితే పైన మెత్తటి తెల్ల తోలు వస్తుంది. చేత్తో తడిమితే స్వెడ్ చెప్పులా ఉంటుంది.

ఇక ఆరబెట్టడం. నా పరువు పోయింది ఇక్కడే. మన ఎండ చాలుకదా అని మేడ మీద మూడు రోజులు ఎండబెట్టి పంపించాను. దారిలో వాన పడి పెట్టె తడిసింది. బెంగళూరు నుంచి ఒకావిడ అక్కకు ఫోన్ చేసి, "ఏమక్కా, ఊరగాయతో పాటు పుట్టగొడుగులు కూడా పంపినారా?" అని అడిగింది. ఫొటో పెట్టింది కూడా. సీసా చుట్టూ తలలు లేని పొడుగాటి కాడలు, చీకట్లో పెరిగిన మొలకల్లా. ఎండకు తేమ పోయింది, మైసీలియం మాత్రం నిద్రపోయింది, నీళ్లు తగలగానే లేచింది.

కాబట్టి ఎండలో రెండు రోజులు పెట్టి నీళ్లు తగ్గించాక, ఓవెన్‌లో 90 డిగ్రీల దగ్గర అయిదారు గంటలు తప్పదు. గంటకోసారి తూకం వేయండి, బరువు తగ్గడం ఆగిందాకా ఉంచండి. వేలి కణుపుతో కొడితే ఎండిన సొరకాయ బుర్రలా టకటకమనాలి. దబ్బుమని మెత్తగా వినిపిస్తే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

థర్మాకోల్‌తో పోలిస్తే ఇది చాలా బరువు. కొరియర్ చార్జీ పెరుగుతుంది. ఎక్కువసేపు నీళ్లు తగిలితే మెత్తబడుతుంది కూడా. అందుకే అక్క దీన్ని గాజు సీసాలకే వాడుతుంది, పొడులూ అప్పడాలూ మామూలు అట్టపెట్టెలోనే పోతాయి. 2022 జులైలో వచ్చిన ప్లాస్టిక్ నిషేధంతో ప్యాకింగ్ థర్మాకోల్ కూడా ఆగిపోయిందని కొందరు అనుకుంటారు. అప్పుడు ఆపింది అలంకరణకు వాడేదాన్ని.

సీసా తీసుకున్నాక గూడును చిదిపి కరివేపాకు కుండీలో వేసి నీళ్లు పోస్తే చాలని చీటీ పెడతాం. పెట్టె మీద మాత్రం "ఇది వేరుశనగ పొట్టుతో చేసినది" అని పెద్ద అక్షరాలతో అక్క చేతే రాయిస్తాను. బుడ్డలు పడనివాళ్లు ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు.