నీచు పోని చేప, సాగే మటన్, రబ్బరు రొయ్యలు: తేడా ఎక్కడ వస్తోందో ఇలా పట్టుకోండి

కూర తేడా కొడితే ముందు మసాలాని అంటాం, తర్వాత కుక్కర్‌ని, చివరికి వండిన మనిషిని. నేనైతే ముందు వేరే లెక్క చూస్తాను. ముక్క కొన్న దగ్గర్నుంచి పొయ్యి ఎక్కేదాకా ఎక్కడ ఉంది, ఎంత వేడిలో ఉంది, ఎంతసేపు ఉంది? విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లో చాలా గొడవలు అక్కడే మొదలవుతాయి. కింద చెప్పిన వాటిలో మీ ఇంట్లో కనిపించేది ఏదో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లిపోండి.

చేప ఎంత కడిగినా నీచు వాసన పోవడం లేదు

సముద్రపు చేప కండలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది, దానికి వాసన లేదు. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తాయి, మనం నీచు అనేది చాలావరకు దాన్నే. అంటే నీచు ఎక్కువగా ఉందంటే ఐసు తగలకుండా గడిచిన సమయం ఎక్కువైందని అర్థం. పులుపు ఆ వాసనని అణిచేస్తుంది, చేపల కూరంటే చింతపండు పులుసు అయింది ఊరికే కాదు. ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పది నిమిషాలు ఉంచి కడిగితే మామూలు నీచు పోతుంది. అప్పటికీ పోలేదంటే ఇంక కడిగి లాభం లేదు, అది పాత చేప.

అసలు పరిష్కారం కొనే దగ్గరే ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో కొన్నా, పూర్ణా మార్కెట్‌లో కొన్నా ముందు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి, గోధుమ రంగుకి తిరిగి జిగురు కట్టి ఉంటే వదిలేయండి. కన్ను ఉబ్బెత్తుగా నిగనిగలాడుతూ ఉండాలి, లోపలికి పోయి మసకబారి ఉండకూడదు. వెన్ను మీద బొటనవేలితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి. పొట్ట మెత్తబడి పగిలేలా ఉంటే అసలు వద్దు, ఎందుకంటే కుళ్లు పేగుల దగ్గర తొందరగా మొదలవుతుంది. "అమ్మా, ఇది పొద్దున బోటుదా, ఐసుదా?" అని అడగడానికి మొహమాటపడకండి. ఐసు అనగానే మొహం తిప్పేసేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ గంటల తరబడి ఎండలో గోనె మీద పడున్న ఈ రోజు చేప కంటే మంచి ఐసులో కప్పి ఉంచిన నిన్నటి చేప నయం.

అక్కడే పొట్ట తీయించి, ఇంటి నుంచి తీసుకెళ్లిన మూత బాక్సులో ఐసు వేసుకుని తెచ్చుకోండి. హార్బర్ నుంచి మధురవాడ వెళ్లేసరికి ట్రాఫిక్‌లో గంట పట్టేయొచ్చు, ఆ గంటా ప్లాస్టిక్ కవర్‌లో బండి హ్యాండిల్‌కి వేలాడితే చేప సగం పాతబడినట్టే. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు చిల్లుల గిన్నెలో ఐసు మీద పెట్టి, కరిగిన నీళ్లు పడటానికి కింద ఇంకో గిన్నె ఉంచండి. అలా పెట్టినా ఒకటి రెండు రోజులే.

సొర సంగతి వేరు. దాని ఒంట్లో యూరియా ఉంటుంది, చచ్చాక అది అమ్మోనియా అవుతుంది. కొంచెం వాసన మామూలే, ముక్కు మండిపోయేంత ఉంటే మాత్రం బాలింతకి పిట్టు చేసి పెట్టే పని పెట్టుకోకండి.

కానాగంతలు తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, ఒళ్లంతా దురద

దీన్ని నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్తున్నాను, ఎందుకంటే అందరూ "నాకు చేప పడదు" అనుకుని మానేస్తారు, కారణం మాత్రం తెలుసుకోరు. కానాగంతలు, సూర చేప, కవళ్లు, వంజరం లాంటి వాటి కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. చేప చల్లగా లేకపోతే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి, ఎలర్జీ లాంటి దురదా దద్దుర్లూ తెచ్చేది అదే. ఒకసారి తయారైన హిస్టమిన్ వేయించినా పోదు, పులుసులో మరిగించినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. చూపుకీ వాసనకీ చేప బాగానే ఉన్నట్టు అనిపించొచ్చు, కొందరికి మాత్రం నాలుక మీద మిరియం తగిలినట్టు మంట పుడుతుంది. అలా అనిపిస్తే ఆ ముద్ద అక్కడే ఆపేయండి.

కొన్ని నిమిషాల నుంచి గంటా రెండు గంటల లోపు మొహం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు, గుండె దడ, విరేచనాలు కనిపిస్తాయి. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది. కానీ ఊపిరి ఆడకపోయినా, పెదవులూ నాలుకా వాచినా, కళ్లు తిరిగినా ఇంట్లో మజ్జిగ తాగుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అది నిజమైన ఎలర్జీయా, హిస్టమిన్ దెబ్బా అన్నది డాక్టర్ తేల్చాలి, మీ అంతట మీరు మళ్లీ తిని పరీక్ష చేసుకోవద్దు.

దీనికి నివారణ ఒక్కటే, ఐసు. అందులోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది, సరిగ్గా ఎండలు మండే రోజులు. అప్పుడు సముద్రపు చేప తక్కువగా వస్తుంది, వచ్చిన దాంట్లో కొంత దూరం నుంచి ప్రయాణం చేసి వస్తుంది. ఆ రెండు నెలలూ ఈ రకాల మీద అనుమానం ఉంటే చెరువు చేపో కోడో తెచ్చుకోవడం మంచిది.

పులుసులో ముక్క విరిగిపోతోంది, పెనానికి అంటుకుంటోంది

చేప కండని కలిపి పట్టుకునే పొరలు చాలా పలచన, తక్కువ వేడికే కరిగిపోతాయి. పులుసు చిక్కబడ్డాక ముక్కలు చివర్లో వేసి, ఎనిమిది పది నిమిషాలు సన్న సెగ మీద ఉంచండి. గరిటె పెట్టొద్దు, గిన్నె చెవులు పట్టుకుని తిప్పండి. ముక్కలకి పావుగంట ముందే ఉప్పు పట్టిస్తే కొంచెం గట్టిపడతాయి కూడా.

వేపుడు అంటుకుంటే ముక్క తడిగా ఉందని, లేదా పెనం చాలినంత కాలలేదని. గుడ్డతో తడి అద్దండి, నూనె బాగా కాగాక వేయండి, వేసిన వెంటనే కదపకండి. అడుగు కాలి పెంకు కట్టాక ముక్క దానంతట అదే వదులుతుంది.

మటన్ ఎన్ని విజిల్స్ వచ్చినా సాగుతోంది

ఆదివారం పొద్దున్నే క్యూలో నిలబడి అప్పుడే కోసిన మాంసం తెచ్చి గంటలో వండేస్తాం. అప్పుడే కోసింది కాబట్టి మెత్తగా ఉంటుందనుకుంటాం, జరిగేది దానికి ఎదురు. కోశాక కొన్ని గంటల్లో కండరాలు బిగుసుకుంటాయి, మళ్లీ వదులు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. శనివారం తెచ్చి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి ఆదివారం వండి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండో కారణం ముక్క రకం. మెడ, రొమ్ము, కాలి పిక్కల్లో కండని కట్టి పట్టుకునే కొల్లాజెన్ అనే గట్టి పీచు ఎక్కువ. అది జిగురుగా కరగాలంటే వేడితో పాటు సమయం కూడా కావాలి. విజిల్స్ లెక్క కుక్కర్‌ని బట్టి మారిపోతుంది కాబట్టి దాన్ని నమ్మకండి, మొదటి విజిల్ రాగానే సెగ తగ్గించి ఇరవై నిమిషాలు ఉంచి, మూత తీసి నొక్కి చూసి, చాలకపోతే మళ్లీ పెట్టండి. ముదురు మేక అయితే అరకిలోకి ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి గంటా రెండు గంటలు చాలు. రాత్రంతా ఉంచితే పైన పిండిపిండిగా అయిపోయి లోపల అలాగే ఉంటుంది. కార్జం మాత్రం కుక్కర్‌లో వేయకండి, చివర్లో వేసి కొద్ది నిమిషాల్లో దించేయండి, ఎక్కువ ఉడికితే అదే గట్టిపడుతుంది.

చికెన్ ఎముక దగ్గర ఎర్రగా ఉంది

భయపడక్కర్లేదు, అలాగని నిర్లక్ష్యమూ వద్దు. బ్రాయిలర్ కోడి వయసు తక్కువ, ఎముకలు ఇంకా గట్టిపడవు, మూలుగ రంగు బయటికి దిగుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన చికెన్‌లో ఇది ఇంకా ఎక్కువ. రంగు చూసి తేల్చుకోకండి, ముక్క మధ్యలో వేడి 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. థర్మామీటర్ లేకపోతే మందమైన చోట చీల్చి చూడండి, కండ పచ్చిగా నిగనిగలాడుతుంటే ఇంకా ఉడకాలి.

కూరలో నీళ్లు ఎక్కువ ఊరుతుంటే కడిగాక వడకట్టలేదని అర్థం. ఇంకో మాట, కుళాయి కింద ధారగా పట్టి కడిగితే ఆ చిందులతో బ్యాక్టీరియా పక్కనున్న కొత్తిమీర దాకా వెళ్తాయి. కడగాలనిపిస్తే గిన్నెలో ముంచి కడిగి, సింకు, కత్తి, చేతులు సబ్బుతో శుభ్రం చేసుకోండి.

రొయ్యలు రబ్బరులా అయిపోతున్నాయి

ఎక్కువసేపు వండారు, అంతే. మసాలా పూర్తిగా వేగాక వేసి, రంగు మారి కొంచెం వంకర తిరగగానే దించేయండి. పూర్తిగా చుట్ట చుట్టుకుందంటే అప్పటికే ఆలస్యమైంది. తల మీద, పెంకు మీద నల్ల మచ్చలు కనిపిస్తే అవి చాలాసార్లు ఎంజైమ్ పనే, ఆపిల్ కోస్తే నల్లబడటం లాంటిది. వాసనా గట్టిదనమూ బాగుంటే వండుకోవచ్చు.

మర్నాడు పులుసు తిన్నాక కడుపు పాడైంది

చేపల పులుసు మర్నాటికే రుచి, అందులో వాదన లేదు. కానీ ఉక్కపోతలో రాత్రంతా గట్టు మీద ఉంచి పొద్దున్నే మరిగిస్తే సరిపోదు, ఎందుకంటే కొన్ని బ్యాక్టీరియా వదిలిన విషం మరిగినా పోదు. దించిన రెండు గంటల్లో, బాగా ఎండల్లో అయితే గంటలో, లోతు తక్కువ గిన్నెల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. వండిన కూర మూడు నాలుగు రోజులు ఉంటుంది.

ఫ్రీజర్ మాంసం ఎండిపోయి తెల్ల మచ్చలు, లేదా కరెంట్ పోయింది

తెల్ల మచ్చలంటే గాలి తగిలి తడి ఆరిపోవడం, ప్రమాదం లేదు గానీ రుచి పోతుంది. ఒక పూటకి సరిపడా చిన్న ప్యాకెట్లు చేసి, గాలి నొక్కేసి, పలచగా పరిచి పెట్టండి. కరిగించడం ఎప్పుడూ ఫ్రిజ్ కింది అరలోనే, గట్టు మీద కాదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంట్ లేదు. అలాంటప్పుడు తలుపు తెరవకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు చల్లదనం నిలుపుతుంది. ఫ్రిజ్ మాత్రం నాలుగు గంటలే. తుఫాను హెచ్చరిక రాగానే గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచండి. కరెంట్ వచ్చాక నాణెం పైనే ఉంటే పర్వాలేదు, అడుగుకి దిగిపోయి ఉంటే ఇప్పుడు ఎంత గట్టిగా కనిపించినా ఆ మాంసం పారేయండి.