అలెప్పీలో వాన పడుతుంటే పడవలో కూర్చున్న చోటు వదలకండి

మొన్న మా చెల్లెలు కేరళలోని అలెప్పీ నుంచి వీడియో పెట్టింది. శికారా పడవ (పైకప్పు ఉండే చిన్న టూరిస్టు పడవ), జోరు వాన. కుడివైపు నుంచి జల్లు కొడుతోందని పన్నెండు మందీ ఎడమ బెంచీ మీదికి చేరి ఒకటే నవ్వులు. ఆ పక్క పడవ అంచుకూ నీళ్లకూ మధ్య జానెడు కూడా లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. నాకే రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఈ సీజన్‌లో ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీసుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. తాగి ఎక్కొద్దు లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

అసలు తప్పు
వానకు అందరూ ఒకే పక్కకు జరగడం. 2009 సెప్టెంబరు 30న కేరళలోనే తేక్కడిలో ఒడ్డున జంతువులు కనబడ్డాయని జనం ఒక పక్కకు చేరారు, పడవ తిరగబడింది. 45 మంది పోయారు. కారణం అదొక్కటే కాదు గానీ, చివరి తోపు అదే. అక్కడ జంతువులు, ఇక్కడ వాన జల్లు. బరువుకి తేడా తెలియదు కదా. తడిస్తే తడవండి, జరగకండి.

పరదాలు
వాన రాగానే రెండు వైపులా ప్లాస్టిక్ పరదాలు దించి కట్టేస్తారు. హాయిగానే ఉంటుంది. పడవ ఒరిగితే మాత్రం అదే బోను. 2023 మే 7న కేరళలోనే తానూరులో పడవ మునిగి 22 మంది పోయినప్పుడు, లోపల ఇరుక్కుని బయటికి రాలేకపోయినవాళ్లున్నారు. ఒక వైపైనా పరదా కట్టకుండా వదిలేయమని సరంగుకి చెప్పండి.

ఊళ్లో కాలవలో ఉన్నంతసేపూ నీళ్లు కదలవు, అందుకే ధైర్యం వస్తుంది. పున్నమడ అనే చోటు దాటి వేంబనాడ్ పెద్ద సరస్సులోకి వస్తే అడ్డు లేని గాలి, అలలు. ఆకాశం నల్లబడితే సరస్సు వద్దు, కాలవల్లోనే తిప్పమనండి. డబ్బులు అవే ఇవ్వండి, బేరమాడకండి.

లైఫ్ జాకెట్ ఎక్కేటప్పుడే వేసుకోవాలి, బకిల్ పెట్టుకోవాలి. పిల్లలకు పిల్లల సైజుదే. లేదంటే ఎక్కొద్దు. హౌస్‌బోటు పైఅంతస్తుకి వానలో వెళ్లొద్దు. గుర్రపుడెక్క నీళ్లలోని ఇంజను ఫ్యానుకి చుట్టుకుని ఇంజను ఆగితే చూడ్డానికి అందరూ వెనక్కి పరిగెత్తొద్దు. వంతెన కింద తల బయట పెట్టొద్దు, వానకు నీటిమట్టం పెరిగి ఉంటుంది. కాలికి గాయం ఉంటే నీళ్లలో పెట్టొద్దు, వానల్లో అక్కడ ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) మామూలే. చీకటి పడ్డాక శికారా వద్దు. దిగేటప్పుడు ఒక్కొక్కరే. అందరూ ఒకేసారి జెట్టీ వైపు లేస్తే అది కూడా ఒకే పక్కకు జరగడమే.

వీడియో తీసేవాళ్లు కూడా కూర్చునే తియ్యాలి. మా చెల్లెలు నిలబడి తీసింది.