గ్రాఫీన్ మీద ఎస్‌టీఎం సూది దించే ముందు

వానలు పడుతున్నాయి, ప్రాజెక్టు గడువూ దగ్గరికొచ్చింది. గ్రాఫీన్ అంటే ఒకే పరమాణువు మందమున్న కార్బన్ పొర. ఎస్‌టీఎం (స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు) సన్నని సూదిని దాదాపు తాకేంత దగ్గరికి దించి, మధ్య ఖాళీని దాటి వచ్చే చిన్న టన్నెలింగ్ కరెంటుతో ఆ పొరను చూపిస్తుంది. వరంగల్‌లో ఈ కొలతలకు కూర్చునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇవి చూసుకున్నాకే సూది దించండి.

• కింద ఉన్నది గ్రాఫీనేనా? సిలికాన్ ఆక్సైడ్ మీద చిన్న ముక్క అయితే ఇదే అసలు గండం. ఆక్సైడ్‌లో కరెంటు పారదు. కరెంటు రాలేదని, దాన్ని ఒకేలా ఉంచడానికి సూదిని పైకీ కిందికీ జరిపే ఫీడ్‌బ్యాక్ సర్క్యూటు సూదిని ఇంకా ఇంకా కిందికి తోస్తుంది. సూదీ పోతుంది, ఎంతో కష్టపడి చేసిన శాంపిలూ పోతుంది. ఆప్టికల్ మైక్రోస్కోపులో చూస్తూ, అంచులకు దూరంగా, ముక్క నడిమధ్యకు గురిపెట్టండి.

• సూదిని ముందు బంగారం మీద పరీక్షించండి. సూది లోపం గ్రాఫీన్ గుణంలా కనిపించి మోసం చేస్తుంది. బంగారం మీద స్పెక్ట్రం (వోల్టేజీతో కరెంటు మారే రేటు గ్రాఫు) నిలకడగా వస్తేనే, గ్రాఫీన్‌లో వచ్చే 'వీ' ఆకారాన్ని నమ్మండి.

• పొర బదిలీలో మిగిలిన పీఎంఎంఏ అనే ప్లాస్టిక్‌ను వేడిచేసి పోగొట్టండి, సూదికి అంటుకుంటుంది.

• లాక్-ఇన్ (రొదలోంచి చిన్న సిగ్నల్‌ను ఏరే పరికరం) ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ గుణిజాల మీద పడకూడదు. కరెంటు లైన్ల రొద కలుస్తుంది.

• కాజీపేట జంక్షన్ దగ్గరైతే రైళ్లు లేని వేళ చూసుకోండి, వాటి అదురుకు సూది కదులుతుంది. సూదికీ శాంపిల్‌కూ మధ్య దూరం 0.1 నానోమీటరు మారినా టన్నెలింగ్ కరెంటు దాదాపు 10 రెట్లు మారుతుంది.

• తేనెపట్టు గళ్లకు బదులు త్రికోణాల వరస కనిపిస్తే, అది ఒక్క పొర కాకపోవచ్చు.